తొండం దించిన ఏనుగులు

మన ఇంట్లో చేసే మట్టి ఏనుగులన్నీ తొండం దించి ముందుకాలికి ఆనించుకుని ఎందుకుంటాయని అడిగావు కదా. రాసుకో. అదంతా మన బస్తర్‌లో బాసగూడ నుంచి బీజాపూర్ పోయే రోడ్డు పుణ్యం.

మా అమ్మ చేసిన ఏనుగులు తొండం పైకెత్తి ఉండేవి. మొక్కు తీరినవాళ్లు వాటిని నెత్తిన పెట్టుకుని ఊరి తల్లి దగ్గరికి నడిచి వెళ్లేవాళ్లు. అందుకని విరిగే భయం లేదు. పెళ్లయి ఇక్కడికి వచ్చాక నేనూ అలాగే చేశాను. మీ తాత కుమ్మరి సారె మీద ఏనుగు పొట్ట తిప్పి ఇస్తే, కాళ్లూ చెవులూ తొండమూ నేను అతికేదాన్ని. ఆవంలో కాలి ఎర్రగా, ముద్దుగా బయటికి వచ్చేవి. గడ్డిలో చుట్టి, జీపెక్కించి, బీజాపూర్ సంతలో దించేసరికి ఏనుగులు వేరు, తొండాలు వేరు.

"ఏందక్కా, పందులు మంచిగ బలిసినయ్, ఎట్లిస్తున్నవ్?" అని ఒకసారి జీపు డ్రైవరే అడిగాడు. గుంతల్లోంచి తోలింది వాడే.

ఆ రాత్రి మీ తాత, "తొండం పైకెందుకే? కాలికి అంటియ్. ఇగ ఇరిగేదేముంటది?" అన్నాడు. అంటించాను. విరగడం మానేశాయి. కానీ ఎత్తిన తొండంతో ఒక్క ఏనుగునైనా సంతకు చేర్చాలనే పంతం మాత్రం నాలో ఉండిపోయింది. మా అమ్మ చేసినట్టు చేయడం నాకూ వచ్చు. చేర్చడమే రాలేదు.

కొన్నేళ్లకు పట్నం నుంచి ఒక మేడం సంతకు వచ్చింది. ఏనుగు ముందు గొంతుకూర్చుని, "ఎంత వినయంగా తొండం దించింది. ఈ ఆలోచన నీకు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అని హిందీలో అడిగింది.

గుంతల నుంచి అని చెప్పబోయాను. ఆవిడ కళ్లు చెమర్చి ఉన్నాయి. నా నోరు దానంతటదే దారి మార్చుకుంది. అడవిలో తల్లి గుడి ముందు ఒక ఏనుగు తొండం దించి మొక్కుతుంటే కళ్లారా చూశానన్నాను. నేను ఏనుగును చూసింది అగ్గిపెట్టె మీదే.

మీ తాత బీడీ అంటించుకుంటూ తెలుగులో, "ఆ తల్లి పేరు జీపమ్మ" అన్నాడు.

"ఆయన ఏమంటున్నారు?" అంది మేడం.

"దండకం చదువుతున్నాడు" అన్నాను.

ఆవిడ వెంట ఇంకొందరు వచ్చారు. చెప్పిన ప్రతిసారీ ఆ ఏనుగు కొంచెం పెరిగింది. ఒకసారి దానికి పిల్ల కూడా పుట్టింది.

ఇంతలో తారు రోడ్డు పడింది. ఇక నా రోజు వచ్చిందనుకున్నాను. మట్టిలో ఊక బాగా కలిపి తొండం నిలబెట్టాను. నీడలో ఆరబెట్టి, కాల్చి, పాత చీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని జీపెక్కాను. దారంతా ఊపిరి బిగబట్టాను. సంతలో చీర విప్పితే తొండం పైకే ఉంది. డ్రైవర్ని పిలిచి మరీ చూపించాను.

"ఈసారి పంది గాదక్కా" అని ఒప్పుకున్నాడు.

కాసేపటికి మేడం వచ్చింది. నా ఏనుగును అటూ ఇటూ తిప్పి చూసి, మొహం చిన్నబుచ్చుకుంది. "ఇది బస్తర్ ఏనుగులా లేదమ్మా. అసలైనది, తొండం దించినది లేదా?" అంది.

మీ తాత గడ్డిలోంచి ఒకటి తీసి అందించాడు. ఎప్పుడు పెట్టాడో మరి. ఆవిడ వెళ్లాక నా వైపు తిరిగి, "కథ జెప్పింది నువ్వే గదనే. మొక్కేటి ఏన్గును మధ్యల లేపితె ఎవలొప్పుకుంటరు?" అన్నాడు.

నా ఏనుగును మళ్లీ అదే చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పోతూ విరగలేదు, వస్తూ విరగలేదు. కొన్నవాళ్లు లేకపోతేనేం, ఆ రోడ్డును గెలిచిన తొండం అదొక్కటే. గుమ్మం పక్కన నిలబెట్టుకున్నాను. బడి నుంచి వచ్చి నువ్వు సంచీ తగిలిస్తున్నది దానికే.

ఇది రాయకు. ముందు లేచి ఆ సంచీ తియ్.