అబ్బా బొటనవేలు, చీమల గూడు

మా అబ్బా, అంటే మా నాన్న, మార్కాపురంలో దర్జీ. నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఆయన కళ్లలో శుక్లాలు ముదిరాయని డాక్టరు చెప్పి ఏడాది దాటినా, ఆపరేషన్ మాటెత్తితే చాలు, ఇంతెత్తున లేచేవాడు. "కంట్లో కత్తి పెట్టించుకుంటారా ఎవురన్నా? నాకు బాగానే కనపడతాంది, పో!" ఆయనది ఉడుంపట్టు. ఇంకా ఆలస్యమైతే ఉన్న చూపూ పోతుందని నా భయం.

ఆ వేసవిలో యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఒక రైతు మామిడితోటకు వెళ్లాం. ఆ రైతు చొక్కాలన్నీ అబ్బా కుట్టినవే. నా మనసు మాత్రం చెట్ల మీది ఎర్రచీమల గూళ్ల మీద ఉంది.

"ఇవి ఉండబట్టే పురుగు తగ్గింది మామా. మందు కొట్టేది కూడా మానేసినా," అన్నాడు రైతు.

"ఆకుల్ని పట్టుదారంతో కుట్టి గూడు చేసుకుంటాయి అబ్బా," అన్నాను నేను.

కుట్టు అంటే ఆయన ఆగుతాడా? "ఏదీ?" అంటూ గూటి అతుకు మీద బొటనవేలు పెట్టి నిదానంగా జరిపాడు. దర్జీలు కుట్టు బిగువు చూసేది అట్లాగే. మరుక్షణం "యా అల్లా! చచ్చినా!" అని కేక. చేయంతా చీమలే. రైతు నవ్వు ఆపుకుంటూ దులిపాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గూటి మీద అన్ని చీమలు తిరుగుతుంటే ఆయనకు ఒక్కటీ కనబడలేదు. దుకాణంలో కూడా ఇన్నాళ్లూ వేలితో తడుముకునే కుడుతున్నాడన్నమాట!

"సూది లేకుండా ఎట్ల కుడతాయే?" అన్నాడు కోపంగా, చేయి ఊదుకుంటూ.

చెప్పాను. కొన్ని చీమలు ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసు కట్టి ఆకుల్ని దగ్గరికి లాగుతాయి. మరికొన్ని తమ పిల్లపురుగుల్ని నోట పట్టుకొచ్చి ఈ ఆకుకూ ఆ ఆకుకూ ఆనిస్తాయి. దారం ఆ పిల్లల నోటి నుంచే వస్తుంది. చాలా చీమజాతుల్లో పిల్ల ఆ పట్టును తన చుట్టూ అల్లుకుంటుంది. ఈ జాతి పిల్లలు ఇంటికే ఇచ్చేస్తాయి. శాస్త్రంలో వీటి ప్రజాతి పేరుకు ఆకుల ఇల్లని అర్థం, జాతి పేరుకు మరకతమని.

"ఎర్రగా మండతావుంటే మరకతమేందే?"

"రాణి పచ్చగా ఉంటుంది అబ్బా. పేరు ఆమెది."

"పిల్లనే సూది మాదిరి పట్టుకుంటుందా! సుభానల్లా!" మళ్లీ చెట్టు దగ్గరికి పోయి, కళ్లు చికిలించి, మెడ సాచి చూశాడు. "మసక బేటీ. అంతా మసకే." ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఇల్లు చేరాక, "ఆ డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడు?" అని అడిగాడు.

ఆపరేషన్ అయి చూపు కుదుటపడ్డాక తిరిగి ఆ తోటకే తీసుకుపొమ్మన్నాడు. ఒక గూడు సగంలో ఉంది. ఒక చీమ నోట్లో నూకంత తెల్లటి పిల్ల. దాన్ని ఇటు ఆనించి అటు ఆనిస్తుంటే సన్నటి పోగు ఎండకు మెరిసింది. అబ్బా ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగబట్టి చూశాడు. ఎన్ని ఏళ్లుగా పాఠం చెబుతున్నానో, అయినా నా ఒళ్లు పులకరించింది.

"వారేవా! పిల్లకు నొప్పి కాకుండా ఎంత మెత్తగా పట్టుకుందో చూడు!" అంటూ నా వైపు తిరిగి, ఆగిపోయాడు. దుపట్టా జారిన చోట నా చెవి పక్క వెంట్రుకల్ని మెల్లగా తాకాడు.

"నీ తల ఎప్పుడు నెరిసింది బేటీ? నాకెవురూ చెప్పలేదే!"