సులోచన టీచర్ అంచనా తప్పింది

నిన్న పొద్దున స్కూల్‌కి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. సులోచన టీచర్ కూతురు మాధవి.

"అక్కా, అమ్మ పోయింది. నిద్రలనే పోయింది."

లంచ్ బాక్స్ చేతిలో పట్టుకుని అలాగే మెట్ల మీద కూలబడ్డాను.

వస్తుందని తెలిసిన కబురే. అయినా షాక్ షాకే.

బాగా ఏడ్చాను. ఏడుపు ఆగాక, నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనిపించింది. డయాలసిస్‌తో ఆవిడ పడ్డ నరకం చూసినవాళ్లెవరూ నన్ను తప్పు పట్టరు.

ఇంకో రిలీఫ్ కూడా ఉంది. ఈ పోస్ట్ దాని గురించే.

హైదరాబాద్ గౌలిపురలో మా స్కూల్లో ఆవిడ నాకు సైన్స్ చెప్పారు. ఇప్పుడు అదే స్కూల్లో ఆవిడ క్లాసులే నేను తీసుకుంటున్నాను.

సైన్స్ నోట్‌బుక్‌కి టీచర్ పెట్టిన రూల్ ఒకటుంది. ఎడమ పేజీలో "నేను అనుకున్నది". కుడి పేజీలో "నేను చూసింది". అనుకున్నది తప్పయితే దాని మీద ఒక్క గీత కొట్టాలి, అంతే.

చెరపడం మాత్రం బంద్! మా రబ్బర్లన్నీ లాక్కుని ఖాళీ ఆవకాయ సీసాలో వేసేవారు. పరీక్షలయ్యాక తిరిగిస్తే ఒకటే పచ్చడి వాసన.

ఒకసారి మెంతులు మొలకెత్తించి రోజూ చూసి రాయమన్నారు. క్లాసంతా ఫస్ట్ ర్యాంకు పిల్ల నోట్‌బుక్ చూసి దించేసింది. నా మెంతుల్ని పావురాలు తినేశాయి. భయపడుతూనే అదే రాశాను.

"అందరియి ఒక్కతీరుగ మొలిచినయంటే ఎవ్వరు చూడలే అన్నట్టు. గీ రేణుక ఒక్కతే చూసింది" అన్నారు టీచర్.

నేను సైన్స్ టీచర్ అవ్వాలని ఆ రోజే అనుకున్నాను.

జబ్బు చేసి ఈ ఏడాది ఆవిడ ఉద్యోగం మానేసిన రోజు, తన క్లాసులూ ఆ నోట్‌బుక్ రూలూ నాకు అప్పగిస్తూ చెప్పిన మాట ఇది:

"నువ్వు మంచిగనే మొదలువెడ్తవ్ బిడ్డా. గని దసరా దాకా గూడ నడ్వది. మార్కుల లొల్లి వస్తది. నువ్వు బోర్డు మీద రాస్తవ్, పిల్లలు ఎక్కిచ్చుకుంటరు."

కోపం రాలేదు. సర్వీసంతా ప్రాణం పెట్టి పెంచింది తనతోనే పోతుందని ఆవిడ దిగులు. ఆ దిగులుతోనే వెళ్లిపోతారేమోనని నా దిగులు.

లొల్లి నిజంగానే వచ్చింది. కొట్టివేతలు కనపడకూడదన్నారు హెడ్ సార్. ఒకావిడైతే గేటు దగ్గరే పట్టుకుని, "మా పోరితోటి అన్ని తప్పులే రాపిస్తున్నరేంది మేడం?" అని నిలదీసింది. ఓపిగ్గా చెప్పుకుంటూ వచ్చాను. బోర్డు మీద మాత్రం రాయలేదు.

దసరా పోయింది, దీపావళీ అయిపోయింది. మొన్న ఆదివారం నోట్‌బుక్స్ సంచిలో వేసుకుని సంతోష్‌నగర్‌లో టీచర్ ఇంటికి వెళ్లాను. ఈసారి మా ప్రయోగం పాలు పెరుగవడం.

టీచర్ మంచం మీదే కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. భవాని నోట్‌బుక్ దగ్గర ఆగారు. వాళ్లది పాల వ్యాపారం.

ఎడమ పేజీ: "మాది బర్రెపాలు. అందరికంటె ముందు తోడుకుంటది." దాని మీద ఒక గీత.

కుడి పేజీ: "తోడుకోలే. టీచర్ చూసి రాయమన్నది గదా అని మాటిమాటికి చెంచా పెట్టి కదిపి చూసిన. నాయనమ్మ తిట్టింది. రేపు ముట్టకుండ చూస్త."

టీచర్ పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ తెరలు తెరలుగా దగ్గొచ్చింది. మాధవి పరుగున వచ్చి మంచినీళ్లు తాగించింది.

"రేపేం జెయ్యాల్నో గూడ పోరి తనే రాసుకున్నది సూడు" అన్నారు.

తర్వాత సూదులతో కమిలిపోయిన చెయ్యెత్తి గాల్లో అడ్డంగా ఒక గీత గీశారు.

"ఏంది టీచర్?"

"దసరా దాకా నడ్వదన్న గద. గా మాట మీద కొట్టిన. తప్పయినందుకు గింత సంతోషం ఎన్నడు గాలే. ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా."

ఆవిడ నోట ఆ మాట విన్నాకే నా గుండె కుదుటపడింది.

టీచర్, నా ఎడమ పేజీలో "ఈ ఫోన్ వచ్చిన రోజు తట్టుకోలేను" అని ఉంది. ఈ రోజు దాని మీద గీత కొట్టాను.

చెరపలేదు.

వెళ్లిరండి టీచర్. ఇక సూదులు లేవు, ఫికర్ లేదు. హాయిగా నిద్రపోండి.