రెండో దెబ్బ

బసవరాజు సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేస్తే, అందులో సగం గేటు కాపలాకే పోయింది. కార్డు చూపనివాడు కల్నల్ అయినా సరే, బయట నిలబడాల్సిందే. డ్యూటీలో జరిగింది జరిగినట్టు రిజిస్టరులో రాసేవాడు. తాను కునుకు తీసినా రాసేస్తాడని తోటివాళ్లు ఏడిపించేవారు. రిటైరై దేశ రాజధాని శివారు ద్వారకలో ఫ్లాటు కొనుక్కున్నా ఆ బుద్ధి పోలేదు. కొరియర్‌వాడు కూడా కార్డు చూపించాల్సిందే. భార్య హనుమాయమ్మకు తల కొట్టేసినట్టయ్యేది.

కిందటి నెల పోలీసులమంటూ వచ్చిన దొంగలు పక్క టవర్లో ఓ ముసలావిడ నోట్లో గుడ్డలు కుక్కి ఇల్లు ఊడ్చుకుపోయారు. గేటు నుంచి ఫోన్ రాకపోతే తలుపు తీయొద్దని సొసైటీవాళ్లు అందరికీ చెప్పారు.

ఆ మధ్యాహ్నం ఫోన్ రాలేదు. తలుపు మాత్రం దబదబా మోగింది. బయట మామూలు బట్టల్లో నలుగురు.

"పోలీస్! దర్వాజా ఖోలో!"

"కార్డ్ దిఖాయియే, భాయ్ సాబ్."

మూడుసార్లు అడిగాడు. జేబులోంచి కార్డు తీయడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మహానుభావులకు తలుపు తన్నడానికే తీరిక దొరికింది. గడియ ఊడింది. ముందున్నవాడు లోపలికి దూకగానే హనుమాయమ్మ కెవ్వుమంది. బసవరాజు చేతికర్రతో వాడి తలమీద ఒక్కటిచ్చాడు. వాడు పడ్డాడు. ఆగకుండా ఇంకొకటిచ్చాడు. ఊగుతున్న తలుపు అడ్డం రావడంతో మిగతావాళ్లు అది చూడలేదు. హనుమాయమ్మ చూసింది.

వాళ్లు నిజం పోలీసులే. పక్క టవర్లో ఇదే నంబరు ఫ్లాటులో దాక్కున్న ఓ దొంగ కోసం వెళ్లబోయి ఇక్కడికొచ్చారు. దొంగ జాగ్రత్తపడతాడని గేటులో ఫోన్ చేయనివ్వలేదు. దెబ్బ తిన్న హెడ్ కానిస్టేబుల్‌కు నాలుగు రోజులైనా తెలివి రాలేదు.

బెయిలు రోజున లాయరు కల్పన చెవిలో చెప్పింది: "ప్రాణభయంతో ఒక్క దెబ్బ కొట్టారు, అంతే. ఆంటీ స్టేట్‌మెంట్ కూడా అలాగే ఉంది. మీరు నోరు విప్పకండి అంకుల్, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు."

వాదన బాగానే సాగింది. చివర్లో మేజిస్ట్రేటు, ఇంకేమైనా చెప్పుకుంటారా అని మాటవరసకు అడిగాడు. బసవరాజు మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు.

"రెండుసార్లు కొట్టాను సార్," అన్నాడు హిందీలో. "రెండోసారి కొట్టేటప్పటికి అతను కింద పడి ఉన్నాడు."

కల్పన చేతిలోని కాగితాలు బల్లమీద పెట్టేసింది. బెయిలు రాలేదు.

వరండాలో హనుమాయమ్మ అతని చొక్కా పట్టుకుని ఊపేసింది. "రెండో దెబ్బ సంగతి మిమ్మల్ని ఎవరడిగారండీ?"

"జరిగిందే కదే చెప్పాను."

"మరి నేనో? ఒక్కటేనని సంతకం పెట్టొచ్చాను కదండీ!"

బసవరాజుకు ఆ సంగతి అప్పుడు తట్టింది. వెనక్కి, కోర్టు గది వైపు చూశాడు. ఓ మహిళా కానిస్టేబుల్ ఆమె పేరు అడుగుతూ బయటికొస్తోంది.