ఆమె పేరు రాయని పుస్తకం

పీహెచ్‌డీ చేసే రోజుల్లో నేను అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. గదికి నలుగురం. మిగతా ముగ్గురూ గ్రూప్స్‌కు చదివేవాళ్లు. నోటిఫికేషన్ పడిందని ఒకరోజు సంబరం, వాయిదా పడిందని ఇంకోరోజు ఏడుపు. "నీ పరీక్ష ఎప్పుడక్కా?" అని నన్ను అడిగేవాళ్లు. నాకు పరీక్ష లేదు, లావుపాటి పుస్తకమంత రాసి ఇవ్వాలి అంటే పాపం అన్నట్టు చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అప్పట్లో కోపం నా ముక్కు మీదే ఉండేది. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలిసేది కాదు.

నా పరిశోధన పాలమూరు నుంచి వలస వచ్చి, ఇక్కడి బస్తీల్లో ఉంటూ, ఇళ్లు కట్టే పనుల్లో కూలి చేసిన ఆడవాళ్ల గురించి. ఏడాది పాటు లైబ్రరీలో కూర్చొని వాళ్ల గురించి ఇతరులు రాసినవన్నీ చదివాను. వాళ్లలో ఒక్కరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున హాస్టల్లో వంట చేసే అక్క నా ప్లేట్లో ఉప్మా పెడుతూ, రోజూ ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను. ఆమె గరిటె పట్టుకొని నవ్వింది.

"గంతేనా? మా అమ్మ జిందగీ అంత అదే పని చేసింది. ఐతారం రా అక్కా, మాట్లాడిపిస్త."

అలా ఆ పెద్దమ్మ నాకు దొరికింది. దొరికింది అనే మేం పరిశోధకులం అంటాం, ఆమె ఏదో తప్పిపోయినట్టు. ఆమె ఇల్లు గాంధీనగర్ వైపు బస్తీలో, మా హాస్టల్ నుంచి నడిచిపోతే పావుగంట. ఒకటే గది. తట్టలు మోసీ మోసీ నడినెత్తిన జుట్టు ఊడిపోయి, అక్కడ చర్మం నున్నగా ఉండేది. మొగుడు పోయాక ఈ కూతుర్ని చంకన వేసుకొని బస్సెక్కి పట్నం వచ్చిందట. నేను రాసుకొచ్చిన ప్రశ్నల్లో ఒక్కదానికీ ఆమె తిన్నగా జవాబు చెప్పలేదు. తను చెప్పదలచుకున్నదే చెప్పింది. ఫోన్‌లో రికార్డు చేసుకొని హాస్టల్‌కు వచ్చి వింటే, నా ప్రశ్నలన్నీ చెత్తబుట్టలో వేయాల్సినవని తెలిసింది. ఆమె వెంట తిరిగే ఆ బస్తీల్లో మిగతా ఆడవాళ్లతోనూ మాట్లాడాను.

ఒక ఆదివారం ఆమె నన్ను బయటికి తీసుకెళ్లింది. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడిచాం. మోకాళ్ల నొప్పులు. అయినా ఆగి ఆగి చూపించింది. "గీ మూడంతస్తులు నా నెత్తి మీదికెల్లి పోయినయే. గా సందుల ఇల్లు గూడ. గదానికి స్లాబు ఏసిననాడు నాకు జొరం." ఒక గేటు దగ్గర నిలబడి, పాలరాతి పలక మీద చెక్కిన అక్షరాలను వేలితో తడిమింది.

"ఏం రాసుంది బిడ్డ?"

యజమాని పేరు చదివి చెప్పాను. ఆమె మూతి తిప్పింది.

"గీయన ఒక్కనాడు ఒక్క ఇటుక ముట్టలే. అన్నిటికీ వీళ్ల వీళ్ల పేర్లే. నీ పుస్తకంల నా పేరు రాస్తవా?"

"రాస్త పెద్దమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు," అన్నాను. రేపొస్తా అన్నంత తేలిగ్గా అన్నాను.

మా చదువులో ఒక ఫారం ఉంటుంది. మనం ఎవరితో మాట్లాడతామో వాళ్లు ఇష్టపడే మాట్లాడారని సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అది ఇంగ్లిష్‌లో ఉంటుంది. చివర్లో రెండు గళ్లు: అసలు పేరు వాడవచ్చు, వాడరాదు. ఏ గడిలో టిక్కు పెట్టాలో చెప్పాల్సింది ఆ మనిషి. కానీ మా సీనియర్లు మాకు నేర్పిన పద్ధతి వేరు. "ముందు అందరి వేలిముద్రలు తీస్కో. తర్వాత తీరికగా నింపుకో. అందరికీ వాడరాదనే పెట్టు, పరేషాన్ ఉండదు." అందరూ అలాగే చేసేవాళ్లు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

ఒక మధ్యాహ్నం హాస్టల్ డాబా మీద ఫారాలన్నీ ముందేసుకొని కూర్చున్నాను. వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. పెద్దమ్మ ఫారం వచ్చింది. చెయ్యి దానంతటదే పోయిందని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కానీ ఆగాను. ఒక్కటి మాత్రం వేరేగా ఉంటే ఈ ఫారాలు చూసే కమిటీవాళ్లు పిలిచి అడుగుతారు, మళ్లీ కాగితాలు, మళ్లీ సంతకాలు, ఒక నెల పోతుంది అనుకున్నాను. నీలిరంగు వేలిముద్ర పక్కనే, వాడరాదు అన్న గడిలో టిక్కు పెట్టాను.

అయినా థీసిస్ మొదటి ప్రతిలో ఆమె అసలు పేరే రాశాను. రాస్తుంటే ఆ పేరు లేకుండా వాక్యం నడిచేది కాదు. మా గైడ్ సార్ చూసి, "పేర్లు మార్చలేదేంటమ్మా? ఫారాల్లో వద్దని ఉంది కదా" అన్నారు. చెడ్డ మనిషి కాదు, కాగితంలో ఉన్నదే అన్నారు. ఆ పూటే నిజం చెప్పి ఉంటే ఒక తిట్టుతో పోయేది. చెప్పలేదు. ఆమె పేరు ఉన్న ప్రతిచోటా మా నానమ్మ పేరు పడేలా కంప్యూటర్‌కు చెప్పాను. ఒక్క నొక్కుతో అంతా మారిపోయింది. మా నానమ్మ జీవితంలో తట్ట మోసింది లేదు. గౌరవంగానే ఇచ్చాను కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ముందుమాటలో మాత్రం సార్‌కు, హెడ్ గారికి, టైపు చేసిన అన్నకు, చివరికి హాస్టల్ వార్డెన్‌కు కూడా పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పాను.

వైవాలో బయటి నుంచి వచ్చిన మేడం ఒకామె థీసిస్ మొత్తం చదివి వచ్చింది. అలా చదివి వచ్చేవాళ్లు తక్కువ. "ఈ ముసలామె మాటలు చాలా బాగున్నాయి. పేరు మార్చమని ఆమే అడిగిందా?" అంది.

"అవును మేడం," అన్నాను.

గొంతు తడబడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. సార్ స్వీట్లు పంచారు. కాజూ బర్ఫీ నోట్లో పెట్టుకొని ఫొటో దిగాను. ఆ ఫొటో ఇప్పటికీ చూడలేను.

తర్వాత నాలుగేళ్లు నారాయణగూడలో ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పాను. మిగతా టైమంతా వ్యాసాలు రాయడం, సెమినార్లకు తిరగడం, సర్టిఫికెట్లను ఫైల్‌లో పెట్టుకోవడం. ఆ ఫైలే నా సంసారం. పెద్దమ్మ కూరగాయలకని మార్కెట్‌కు వచ్చినప్పుడల్లా ఎదురుపడేది. "అచ్చయిందా బిడ్డ?" అనేది. "అయితది పెద్దమ్మా, జర ఆగు," అనేదాన్ని. తర్వాత తర్వాత ఆమె దూరంగా కనబడితే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. డెబ్బై ఏళ్ల మనిషిని చూసి దాక్కునేదాన్ని.

ఒక కాలేజీలో రెగ్యులర్ పోస్టు పడింది. పుస్తకం ఉంటే ఇంటర్వ్యూలో మార్కులు కలుస్తాయి. థీసిస్‌నే తెలుగు చేసి ఒక చిన్న ప్రెస్‌కు ఇచ్చాను. ప్రూఫులు వచ్చాయి. రెండు రోజుల్లో తిరిగి ఇవ్వాలి. అప్పుడు కూడా పెద్దమ్మ పావుగంట దూరంలోనే ఉంది. ఇంకో ఫారం పట్టుకుపోయి, సరైన గడిలో టిక్కు పెట్టి, వేలిముద్ర తెచ్చుకుంటే అయిపోయేది. కానీ పుస్తకంలో ఒక పేరు, థీసిస్‌లో ఒక పేరు ఉంటే ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తారేమో. వైవాలో నేను చెప్పింది గుర్తు చేస్తారేమో. ఉద్యోగం ఇంత దగ్గరికి వచ్చి పోతుందేమో. ప్రూఫు మీద సంతకం పెట్టి పంపేశాను.

ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఒకాయన పుస్తకం వెనక్కి తిప్పి ఎన్ని పేజీలో చూసుకున్నాడు. లోపలికి చూడలేదు.

ఇక తప్పించుకోలేక ఒక ఆదివారం పుస్తకం పట్టుకొని బస్తీకి వెళ్లాను. పెద్దమ్మ మంచంలో ఉంది. నన్ను చూసి లేచి కూర్చొని, కొంగుకు చేతులు తుడుచుకొని పుస్తకం అందుకుంది. అట్ట మీద పెద్ద అక్షరాలను తడిమింది.

"ఇది నా పేరా?"

"కాదు పెద్దమ్మా. అది నాది."

"నాది ఏడుంది మరి?"

అప్పుడైనా చెప్పాల్సింది. ఒక పేజీ తీసి, మా నానమ్మ పేరు మీద వేలు పెట్టి, "ఇదే," అన్నాను. ఆమె నా వేలు తీసేసి తన వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. పక్కింటామెను పిలిచి చూపించింది. ఆమెకూ చదువు రాదు. "గంత సన్నగ రాసిన్రేంది?" అని మాత్రం అంది. కూతురు స్టవ్ దగ్గర చాయ్ పెడుతోంది. ఇటు తిరగలేదు. నేను చాయ్ తాగకుండానే లేచాను. కాలేజీలో పనుందన్నాను, ఆదివారం పూట.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు పెద్దమ్మ పోయింది. అప్పటికి నేను నల్లకుంటలో ఒక గది కిరాయికి తీసుకొని ఉంటున్నాను. మూడో రోజు పొద్దున వంట అక్క మా గదికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి ఒక తెల్ల కాగితం ఇచ్చింది.

"అమ్మ పేరు రాసియ్యక్కా, ఇంటిపేరుతోని. దినాలకు ఫ్లెక్సీ కొట్టిస్తున్నం. నేను రాస్తె తప్పులు పోతయి. నువ్వు చదువుకున్నదానివి."

పెన్ను తీసుకున్నాను. పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. మొదటి అక్షరం వంకరపోతే, కాగితం తిప్పి రెండో వైపు మళ్లీ రాశాను. ఆమె కాగితం తీసుకొని ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివింది. తల ఊపింది.

"పుస్తకంలున్నది ఈ పేరు గాదు గదా అక్కా," అంది.

కోపంగా అనలేదు. తెలుసా అని అడిగాను.

"నువ్వు ఇచ్చిన నాడే చదివిన. నువ్వు పోయినంక అమ్మ నన్ను గూడ అడిగింది, గిదేనా నా పేరు అని. అవునన్న. రోజు ఒకపారి తీసి చూస్కునేది. నేనేం చెప్పాలె?"

ఏడుపొచ్చేసింది. మళ్లీ అచ్చు వేయిస్తాను, ఈసారి అసలు పేరు పెడతాను, నువ్వు సంతకం పెడితే చాలు అని ఏవేవో అన్నాను. మాటకు మాట అతకడం లేదని నాకే తెలుస్తోంది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది.

"ఇంకెందుకక్కా? అడిగే మనిషి పాయె," అని మెట్లు దిగి, చిక్కడపల్లి ఫ్లెక్సీ షాపు తెరిచే టైమైందని వెళ్లిపోయింది.

ఆమె పేరు అచ్చు కోసం నేను రాసింది ఆ ఒక్కసారే. పదకొండో రోజు బస్తీకి పోయి, గోడకు కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడి చదివాను. ఒక్క తప్పూ లేదు.