సుందర్ రాజ్ మాస్టారి అయస్కాంతం

మా ఫిజిక్స్ మాస్టారు సుందర్ రాజ్ గారు జేబులో పర్సు మరిచిపోయేవారు గానీ, అయస్కాంతం మరిచిపోయేవారు కారు. ఎదురుపడ్డ ప్రతి లోహానికీ దాన్ని అంటించి చూడాల్సిందే. గాజువాక బస్సు రాడ్డూ, చర్చి గేటూ అయ్యాక, పెళ్ళిచూపుల్లో ఫ్లోరెన్స్ గారు తెచ్చిన కాఫీ ట్రేకి కూడా అంటించి, "అతుక్కుంది, సంబంధం ఖాయం!" అన్నారట.

ఆయన పక్కన కూర్చున్న వాళ్ళ చేతిగడియారాలు ఆగిపోయేవి. వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే మా నాన్న పీర్ మహమ్మద్, "మీ మేస్టారు సల్లగుండాలిరా అయూబూ" అని రోజూ దీవించేవాడు.

క్లాసులో ఆయనది ఒకటే పాట.

"ఇనుముని గాలి ఒత్తిడికి లక్షా ముప్పై వేల రెట్లు నొక్కితే ఏటౌతాది?"

"అణిగిపోతాది సార్."

"అంతేనేటి? లోపల అమరికే మారిపోయి, అయస్కాంతం మొహం కూడా సూడదు. ఒత్తిడి తీసెయ్, మళ్ళీ మామూలే!"

ఇంట్లోనూ ఇదే. "ఒత్తిడి పెట్టకు ఫ్లోరెన్సూ, నాను పనికిరాకుండా పోతాను" అంటే, "ఇప్పుడు పనికొత్తన్నారేటి? ఎల్లి సేపలు తెండి" అనేదావిడ.

ఎనభై మూడులో నేను డిగ్రీ ప్రాక్టికల్స్‌కి మూడోసారి కూర్చున్నాను. ఈసారీ పోతే ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం పోయినట్టే. పరీక్ష పెట్టడానికి బయట నుంచి వచ్చిన గురునాథరావు గారు గడియారం విప్పి బల్ల మీద పెట్టి, "మూడు కొట్టగానే ఆపేస్తాను" అన్నారు. రెండూ నలభైకి కూడా ఒక్క లెక్కా కుదరలేదు. ఏడుపొచ్చింది.

మాస్టారు బల్ల దగ్గరికొచ్చారు. "గడియారం ఎంత బాగుంది సార్!" అంటూ తీసి, జేబుకేసి తుడిచి, మళ్ళీ పెట్టేశారు.

నేను మొదటినుంచీ మొదలెట్టాను. నింపాదిగా పూర్తిచేసి కాగితం ఇస్తుంటే గురునాథరావు గారు ఉలిక్కిపడ్డారు.

"ఇదేమిటి, ఇంకా రెండూ నలభై అయిదేనా?"

"అయ్యో! నా జేబులో అయస్కాంతం ఉంది సార్, మరిసిపోనాను!" అని మాస్టారు లెంపలేసుకున్నారు.

పాసయ్యాక మిఠాయి పట్టుకుని సీతమ్మధారలో వాళ్ళింటికెళ్ళాను. "మీ మతిమరుపే నన్ను గట్టెక్కించింది సార్" అన్నాను.

ఆయన నవ్వి, బీరువాలోంచి మందపాటి ఇనప డబ్బా తీశారు. అందులో ఆయన గడియారం టిక్కుటిక్కుమంటోంది. "ఇనుము సుట్టూ ఉంటే అయస్కాంతం దీని జోలికి రాదురా."

ఇన్నేళ్ళలో ఆయన సొంత గడియారం మా కొట్టుకి ఒక్కసారీ రాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"మరి గురునాథరావు గారిది?"

"ఆయన నీ మీద మరీ ఒత్తిడి పెట్టేత్తన్నాడు. కొంచెం తీసేను."

ఆయన భుజం తట్టి గుమ్మం దాకా సాగనంపారు. బస్సుకి వేళయిందేమోనని చెయ్యెత్తి చూసుకున్నాను. నా గడియారం ఆగిపోయింది.