మోకాలికి నాలుగు వేళ్ల కింద

పరాయి దేశంలో, కాజిల్‌బార్ ఆసుపత్రిలో నా సీనియర్‌ను అన్నా అనేవాణ్ణి. ఆయన్ను తలచుకుంటే ముందు కుడిచేయి గుర్తొస్తుంది. అది ఎప్పుడూ మోకాలి కిందే ఉండేది.

ఆయన కడుపు డాక్టర్. తిన్న నాలుగు ముద్దలూ ఆయనకే అరిగేవి కావు. పరీక్షల్లో ఏమీ తేలలేదు, మాత్రలూ పనిచేయలేదు. పేషెంట్ల కంటపడకుండా పక్క ఊళ్లోని చైనా వైద్యురాలి దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్లాడు.

ఆవిడ నాలుక చూసి, నాడి పట్టింది.

"మింగిన కోపం కాలేయంలో ఇరుక్కుని కడుపు మీద పడుతోంది. మీరు ఎవరికి కాదని చెప్పలేకపోతున్నారు?"

"ఐ యామ్ గ్రాండ్," నాకేం, బాగానే ఉన్నానని నవ్వాడు. ఈ దేశంలో ఆయన నేర్చిన మొదటి మాట, నాకు ఒళ్లు మండించేదీ అదే.

ఆవిడ నిట్టూర్చి, ఉపశమనానికి మోకాలికి నాలుగు వేళ్ల కింద నొక్కుకోమని చూపించింది.

తిరుగుదారిలో కారు నేను నడుపుతుండగా అన్నకు ఆసుపత్రి నుంచి ఫోన్. ఈ ఆదివారం కూడా డ్యూటీకి మనిషి లేడట.

"కుదరదని చెప్పెయ్ అన్నా," అని గొణిగాను.

ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే పర్మిట్ పోతుంది. పర్మిట్ పోతే ఇల్లంతా పెట్టెలు సర్దుకోవాలి. అన్న చెయ్యి మోకాలి కిందికి వెళ్లింది. గట్టిగా నొక్కిపట్టి, "నో బాదర్," అంటూ వస్తానని ఒప్పుకున్నాడు.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు.

"భలే పనిచేస్తందిరా ఇది."