ఒక్కసారికి ఒక్కటే నట్టు

సూరత్‌లోని లింబాయత్ సాంచెల మేస్త్రి రాజయ్య మామ మొన్న సోమవారం కరోనాతో పరమపదించారు. ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే అల్లుడినైన నేను నిర్ఘాంతపోయి, మనిషి పేరు మళ్లీ చూసుకోమని వాళ్లతోనే తగాదా పెట్టుకున్నాను.

మరమగ్గాలను మా వాళ్లు సాంచెలంటారు. జీవితమంతా సూరత్‌లో వాటిని బాగుచేసిన ఆ కర్మయోగిది ఒకే సూత్రం: ఒక్కసారికి ఒక్కటే నట్టు తిప్పాలి. ఆయనకు గుండె లయ తప్పే జబ్బుండేది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకునేవారు.

లాక్‌డౌన్‌లో ఆయన పనిచేసే సాంచెల షెడ్డు మూతపడింది. "ఈ పన్నెండు సాంచెలు మళ్ల నడిచెదాంక నేను బతకాలె" అన్నారు. నాకు తెలివి ఎక్కువై, ఆయుష్షు పెంచుతాయని ఊరంతా చెప్పుకుంటున్న మాత్రలు రెండు రకాలు తెప్పించి, కలిపి వేసుకొమ్మన్నాను.

"ఏంది అల్లుడా, నువ్వెప్పుడు డాక్టరువైనవ్? రెండు నట్లు ఒక్కపారే తిప్పితె తప్పు యాడున్నదో ఎట్ల దెలుస్తది?"

మర్నాడే పాత మందుల చీటీ, కొత్త డబ్బాలు సంచిలో వేసుకుని మన తెలుగు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె ఒక డబ్బాను పక్కకు నెట్టేసింది. "మీ రక్తం మాత్రతో ఇది కలిస్తే ప్రమాదం, పెద్దాయనా." రెండోది ఆయుష్షు పెంచుతుందన్న భరోసా లేదని చెప్పింది. అయినా సాంచెలు నడిచేదాకా బతకాలని మామ పట్టుబట్టడంతో ఈసీజీ తీసి, సగం మాత్రతో మొదలుపెట్టించి, నాడిలో తేడా వస్తే ఆపేసి వెంటనే రమ్మంది.

రోజూ పొద్దున్నే మణికట్టు మీద వేళ్లుంచి, సాంచె చప్పుడు వినేటప్పటిలా కళ్లు మూసుకునేవారు. ఐదోనాడు "తాళం తప్పుతున్నది" అంటూ చెప్పులేసుకుని బయలుదేరారు. ఈసీజీ కూడా అదే మాట చెప్పింది. కొత్తగా చేరింది ఒక్క మాత్రే కాబట్టి దోషి కోసం డాక్టరమ్మ వెతుక్కోవలసిన పని లేకపోయింది. అది మానేశాక లయ కుదుటపడింది. సిగ్గుతో నేను తలదించుకుంటే, "తప్పు నట్టు దొరికింది గద, జర ఛాయ్ తాగు" అన్నారు.

షెడ్డు తెరిచిననాడు పన్నెండు సాంచెలకూ ఆయనే నూనె పోశారు. అన్నీ ఒక్కసారి మోగగానే ఆ వృద్ధవీరుడు తువాలు గాల్లోకి ఎగరేశారు. అంతటి విజయోత్సవం నేను మళ్లీ చూడలేదు.

ఆ మాత్ర మానేశాక చివరిదాకా గుండె లయ తప్పలేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు గర్వంతోనే ఏడ్చాను. ఆయన లోటు ఎవరూ తీర్చలేరు. గౌరవంగా సాంచెలు ఆపుదామని షెడ్డువాళ్లు వస్తే అత్తమ్మ ఒప్పుకోలేదు.

"ఇవి నడవాలనే ఆయన బతికిండు. బందు వెట్టకుండ్రి."

మీ దేహాన్ని మోస్తూ అంబులెన్సు మా గల్లీ దాటుతుంటే పన్నెండూ నడుస్తూనే ఉన్నాయి, మామా.